మాజీ మళ్లీ బరిలోకి దిగితే: ట్రంప్ రెండో రాక మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈ వారం ఉత్తరాల్లో సగం ట్రంప్ మీదే. ఓడిపోయి, కేసుల్లో ఇరుక్కుని, సొంత పార్టీలోనే పోటీ ఎదురై, అయినా మళ్లీ ఎలా గెలిచాడు అని ఒకటే అడుగుడు. విడివిడిగా రాస్తే ఆర్నెల్లు పడుతుంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నా. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు, మీ ప్రశ్నలు వచ్చే వారం.

ప్ర: సార్, 2020లో ఓడిపోయాక, కేపిటల్ (అమెరికా పార్లమెంటు భవనం) మీద దాడి తర్వాత ట్రంప్ పని అయిపోయిందని మీరే రాసినట్టు గుర్తు. మళ్లీ పోటీ చేస్తానన్నప్పుడు నిజంగా ఎవరైనా నమ్మారా? (రిటైర్డ్ టీచర్, తెనాలి)

జ: రాశానండీ, ఒప్పుకుంటున్నా. నేనొక్కణ్నే కాదు, అప్పట్లో చాలామంది అదే అన్నారు. ఆయన ప్రకటన చేసింది 2022 నవంబర్ 15న, ఫ్లోరిడాలో పామ్ బీచ్ దగ్గర తన సొంత బంగళా క్లబ్బు మార్‌-ఎ-లాగోలో. టైమింగ్ చూస్తే అంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదు. సరిగ్గా వారం ముందు మధ్యంతర ఎన్నికలు జరిగాయి, ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్ల గాలి వీస్తుందని అందరూ అనుకుంటే దిగువ సభ హౌస్‌లో 222-213తో ఏదో గట్టెక్కారు, ఎగువ సభ సెనేట్ అయితే చేతికే రాలేదు. ట్రంప్ ఏరికోరి నిలబెట్టిన వాళ్లు, పెన్సిల్వేనియాలో టీవీ డాక్టర్ ఆజ్, అరిజోనాలో కేరీ లేక్, ఇలా ముఖ్యమైన చోట్ల బోల్తా కొట్టారు. అదే రాత్రి ఫ్లోరిడా గవర్నర్ రాన్ డిసాంటిస్ మాత్రం దాదాపు 19 శాతం తేడాతో గెలిచి కూర్చున్నాడు. అంతే, పార్టీకి కొత్త పెళ్లికొడుకు దొరికాడన్నారు.

అప్పటిదాకా ట్రంప్‌ని మోసిన న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఏం చేసిందో తెలుసా? ఆయన ప్రకటనని మొదటి పేజీలో అట్టడుగున ఒక్క లైన్‌లో వేసింది, "ఫ్లోరిడా మనిషి ప్రకటన చేశాడు" అని, పేరు కూడా లేకుండా, వివరాలకు 26వ పేజీ చూడండి అని. మన దగ్గర పెద్ద నాయకుడి వార్తని జిల్లా ఎడిషన్లో బర్రె తప్పిపోయిన వార్త పక్కన వేసినట్టు అన్నమాట.

మరి అంత తొందరెందుకు అంటారా, ఎన్నికకి ఇంకా రెండేళ్లుంది కదా అని. రెండు కారణాలు కనిపిస్తాయి నాకు. ఒకటి, డిసాంటిస్ దిగకముందే కుర్చీ మీద తువ్వాలు వేసెయ్యడం. రెండోది కేసులు. ఆ ఆగస్టు 8నే ఎఫ్‌బీఐ వాళ్లు మార్‌-ఎ-లాగోలో సోదా చేసి రహస్య పత్రాలు పట్టుకెళ్లారు. క్యాండిడేట్ అయిపోతే ఇక ఏ కేసు పెట్టినా "నన్ను పోటీలోంచి తప్పించడానికే" అనొచ్చు. ప్రకటన చేసిన మూడు రోజులకే అటార్నీ జనరల్ మెరిక్ గార్లండ్ జాక్ స్మిత్‌ని ప్రత్యేక ప్రాసిక్యూటర్‌గా వేశాడు, ట్రంప్ పోటీలో ఉన్నాడు, అప్పటి ప్రెసిడెంట్ బైడెన్ కూడా పోటీ చేస్తానంటున్నాడు కాబట్టి వేరే మనిషి ఉండాలి అని కారణం కూడా చెప్పాడు. అంటే పోటీ చేస్తాననడంతోనే కేసు నడిచే తీరు మారిపోయింది.

ప్ర: అన్నా, మన దగ్గర రెండేళ్ల శిక్ష పడితే పదవి ఊడుతుంది, పోటీకీ పనికిరారు. అక్కడ 91 అభియోగాలున్న మనిషి ఎలా నిలబడతాడు? వాళ్లకి చట్టం లేదా? (లా స్టూడెంట్, విశాఖ)

జ: తమ్ముడూ, లేదు. వాళ్ల రాజ్యాంగం ప్రెసిడెంట్‌కి అడిగేవి మూడే, పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు దేశంలో నివాసం ఉండాలి. కేసుల ఊసే లేదు, జైల్లో ఉన్నా ఫర్వాలేదు. 1920లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ అట్లాంటా జైల్లో ఉండే పోటీ చేసి 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఆయన నేరమేంటంటే మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడటం.

కానీ ఒక్క చోట చిక్కుంది. సివిల్ వార్ అయ్యాక 1868లో పెట్టిన 14వ సవరణలో మూడో సెక్షన్, రాజ్యాంగం మీద ప్రమాణం చేసి తర్వాత తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లు పదవులకి పనికిరారు అంటుంది. దక్షిణాది తిరుగుబాటుదార్ల కోసం రాసిన రూలు, దుమ్ము పట్టి మూలన పడుంది. 2023 డిసెంబర్ 19న కొలరాడో సుప్రీంకోర్టు దాన్ని దులిపి తీసి, 2021 జనవరి 6 నాటి దాడి తిరుగుబాటే, ట్రంప్ అందులో ఉన్నాడు, మా బ్యాలెట్ మీద పేరు ఉండకూడదు అని 4-3తో తీర్పిచ్చేసింది. దేశమంతా గగ్గోలు. చివరికి దేశ సుప్రీంకోర్టు 2024 మార్చి 4న 9-0తో కొట్టేసింది, దేశ స్థాయి పదవులకి ఈ సెక్షన్ వర్తింపజేసే పని రాష్ట్రాలది కాదు అని. ట్రంప్ తిరుగుబాటు చేశాడా లేదా అన్నది మాత్రం తేల్చలేదు, గమనించు. మర్నాడే కొలరాడోలో పార్టీ టికెట్‌కి పోలింగ్, అంటే ఆఖరి బస్సు కదిలే టైమ్‌కి టికెట్ చేతికొచ్చింది.

ఇంకో తమాషా. 2024లో న్యూయార్క్ కేసులో దోషిగా తేలి, శిక్ష ఇంకా ఖరారు కాని ట్రంప్ తన ఓటు తాను వేసుకోగలడా అని చర్చ నడిచింది. ఫ్లోరిడా వాళ్లేమో వేరే రాష్ట్రంలో నేరం రుజువైతే ఆ రాష్ట్రం రూలే చూస్తాం అంటారు, న్యూయార్క్ రూలేమో జైల్లో ఉంటే తప్ప ఓటు పోదు అంటుంది. అలా పామ్ బీచ్‌లో వెళ్లి దర్జాగా తన ఓటు తానే వేసుకున్నాడు.

ప్ర: ఆ కేసులేంటో ఒక్కసారి మాకర్థమయ్యేట్టు చెప్పరా మేడమ్/సార్, టీవీ చూస్తే అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. (గృహిణి, నెల్లూరు)

జ: సార్‌నేనమ్మా. క్రిమినల్ కేసులు నాలుగు, నాలుగూ 2023లో అయిదు నెలల్లోపే పడ్డాయి. న్యూయార్క్‌లో ఖాతాల కేసు, ఫ్లోరిడాలో రహస్య పత్రాల కేసు, వాషింగ్టన్‌లో 2020 ఫలితం తారుమారు చెయ్యాలని చూసిన కేసు, జార్జియాలో అదే తరహాది, అక్కడ మొత్తం 19 మంది నిందితులు. ఇవి కాక సివిల్‌వి వేరు. రచయిత్రి ఇ. జీన్ కేరల్‌కి ఒకసారి 50 లక్షల డాలర్లు, పరువు నష్టం కింద రెండోసారి 8 కోట్ల 33 లక్షల డాలర్లు కట్టమన్నారు జ్యూరీలు.

నాలుగింటిలో విచారణ దాకా వెళ్లింది న్యూయార్క్‌దొక్కటే కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెప్తా, అందరూ "34 నేరాలు" అంటే 34 రకాల ఘోరాలు అనుకుంటున్నారు. కాదు. 2016 ఎన్నిక ముందు స్టార్మీ డేనియల్స్ అనే పోర్న్ స్టార్ ట్రంప్‌తో సంబంధం ఉందన్న మాట మీద నోరు మెదపకుండా ఉండేందుకు ట్రంప్ లాయర్ మైకేల్ కోహెన్ తన జేబులోంచి 1 లక్షా 30 వేల డాలర్లు ఇచ్చాడు. దాన్ని ట్రంప్ ఆయనకి తిరిగివ్వాలి కదా. అక్కడ లెక్క వేసిన తీరు చూడండి. ఆ 1 లక్షా 30 వేలకి వేరే ఖర్చు 50 వేలు కలిపితే 1 లక్షా 80 వేలు, కోహెన్ దాన్ని ఆదాయంగా చూపించి పన్ను కట్టాలి కాబట్టి డబుల్ చేసి 3 లక్షల 60 వేలు, పైన బోనస్ 60 వేలు, వెరసి 4 లక్షల 20 వేలు. పన్నెండు నెలలకి పంచితే నెలకి 35 వేలు. 2017 అంతా అలా చెక్కులు వెళ్లాయి, మొదటి చెక్కులో రెండు నెలలవి కలిపి ఇచ్చారు కాబట్టి 11 చెక్కులు. ఆ చెక్కులకి 11 బిల్లులు, పుస్తకాల్లో 12 పద్దులు, అన్నిట్లోనూ "లాయర్ ఫీజు" అని రాశారు. 11, 11, 12 కలిపితే 34. అంతే! చెక్కుల్లో తొమ్మిదింటి మీద సంతకం ట్రంప్‌దే, అప్పటికి ఆయన ప్రెసిడెంట్.

దొంగ పద్దు రాయడం అక్కడ మామూలుగా చిన్న నేరం, ఇంకో నేరం కప్పిపుచ్చడానికి రాస్తేనే పెద్ద నేరం. ఎన్నికని అక్రమంగా ప్రభావితం చెయ్యడానికే ఇదంతా అన్నది ప్రాసిక్యూటర్ ఆల్విన్ బ్రాగ్ వాదన. 2024 మే 30న జ్యూరీ 34కి 34 దోషి అంది. చిన్న నేరానికి నిచ్చెనేసి పెద్ద నేరం చేశారు అని ట్రంప్ వ్యతిరేకుల్లో కూడా కొంతమంది లాయర్లు గొణిగారు, నాకూ నాలుగింటిలో ఇదే పలుచటి కేసు అనిపించింది, కానీ ముందు పట్టాలెక్కింది, చివరిదాకా నడిచింది కూడా ఇదే.

ప్ర: కేసులు పడ్డాక పార్టీలో బలం తగ్గాలి గదా, పెరిగిందంటారేంటి? మా ఆఫీసులో దీనిమీద పందెం కూడా కాశాం. (బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

జ: పందెం ఎటు కాశారో చెప్పలేదు మీరు. పెరిగింది బాబూ, 2023 వసంతం దాకా డిసాంటిస్ కాస్త వెనకాల పరిగెడుతూ ఉన్నవాడు, మార్చి 30న మొదటి కేసు పడ్డాక దూరం అయిపోయాడు, మళ్లీ దగ్గరికి రాలేదు.

ఎందుకు అంటే, పార్టీ ఓటరు ఆ కేసుని ట్రంప్ మీద కేసుగా చూడలేదు, తన మీద కేసుగా చూశాడు. ట్రంప్ కూడా రోజూ అదే పాట, వాళ్లు నా వెంట కాదు మీ వెంట పడుతున్నారు, మధ్యలో నేను అడ్డున్నానంతే అని. ఇంట్లో ఎంత తిట్టుకున్నా వీధిలో వాడు మనోణ్ని కొడితే ఊరుకోం కదా, ఆ లెక్క.

ఇక్కడ పాపం డిసాంటిస్ పరిస్థితి చూడాలి, కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం. కేసు వస్తుందనగానే ఒకరోజు మైక్ దగ్గర, నోరు మూయించడానికి పోర్న్ స్టార్‌కి డబ్బులివ్వడం లాంటివి నాకు తెలీవు అని చిన్న చురక వేశాడు. ట్రంప్ మనుషులు అగ్గి మీద గుగ్గిలం అయ్యారు. పది రోజులు తిరక్కుండానే కేసు పడేసరికి అదే మనిషి, ట్రంప్‌ని న్యూయార్క్‌కి అప్పగించమంటే ఫ్లోరిడా సాయం చెయ్యదు అన్నాడు. ఎవరూ అడగలేదు కూడా! పోటీదారుడి లాయర్‌లా మాట్లాడుతూ అదే పోటీదారుణ్ని ఓడించడం ఎట్లా కుదురుతుంది?

ఆగస్టు 23న మిల్వాకీలో పార్టీ టికెట్ కోసం పోటీపడేవాళ్ల మొదటి డిబేట్. ట్రంప్ రాలేదు, అదే టైమ్‌కి వేరేచోట టీవీ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్‌తో రికార్డ్ చేసిన ఇంటర్వ్యూ వదిలాడు. స్టేజీ మీద ఎనిమిది మంది. ట్రంప్ దోషిగా తేలినా పార్టీ అభ్యర్థి అయితే సపోర్ట్ చేస్తారా, చేతులెత్తండి అన్నారు. ఆరు చేతులు లేచాయి. డిసాంటిస్ అయితే అటూ ఇటూ చూసి అప్పుడెత్తాడు, ఆ చూపు టీవీలో స్పష్టంగా కనపడింది, నా దృష్టిలో ఆయన ప్రచారం ఆ రెండు సెకన్లలోనే అయిపోయింది. గెలవాలని వచ్చినవాళ్లు, ఓడించాల్సిన మనిషి లేని చోట, ఆయన జైలుకెళ్లినా మావాడే అని చేతులెత్తడం!

సరిగ్గా మర్నాడు, ఆగస్టు 24న, ట్రంప్ అట్లాంటాలో ఫుల్టన్ కౌంటీ జైలుకెళ్లి లొంగిపోయి 2 లక్షల డాలర్ల బాండ్ మీద ఇరవై నిమిషాల్లో బయటికొచ్చాడు. అక్కడ తీసిన ఫోటో, కనుబొమ్మలు దించి కెమెరాని గుర్రుగా చూస్తున్నది, మీరంతా చూసే ఉంటారు. డిబేట్లో ఎవరేం మాట్లాడారో ఆ ఫోటోతో అందరూ మర్చిపోయారు. ఆ ఫోటో టీషర్టుల మీదకి, కప్పుల మీదకి ఎక్కింది. డిసెంబర్లో అయితే 99 డాలర్ల డిజిటల్ కార్డులు 47 కొంటే ఆ రోజు వేసుకున్న సూట్ గుడ్డ ముక్క ఇస్తామని అమ్మారు. అరెస్టైన రోజు వేసుకున్న బట్టని అమ్ముకున్న నాయకుణ్ని నేనైతే ఇంకెక్కడా చూళ్లేదు.

ప్ర: నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి మనవాళ్లే కదా, వాళ్లెందుకు నిలబడలేకపోయారు? (సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, హైదరాబాద్)

జ: మనవాళ్లు అనేది మన ముచ్చట, వాళ్లు పుట్టింది పెరిగింది అక్కడే, హేలీ అమ్మానాన్నలు పంజాబీలు, వివేక్‌ది కేరళ మూలం. ఇద్దరిదీ ఒకే దారి అనుకోకండి, ఉత్తర దక్షిణాలు. వివేక్ ట్రంప్ మీద ఈగ వాలనివ్వలేదు, గెలిస్తే క్షమాభిక్ష పెడతా అన్నాడు, టికెట్ పోటీ మొదలయ్యే అయోవా రాష్ట్రంలో నాలుగో స్థానం రాగానే ఆ రాత్రే తప్పుకుని మద్దతిచ్చేశాడు. మరి ట్రంప్ అంత గొప్పోడైతే నీకెందుకు ఓటెయ్యాలయ్యా అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

హేలీ సంగతి వేరు. ట్రంప్ దగ్గరే ఐక్యరాజ్యసమితి రాయబారిగా చేసింది, ఆయన పోటీ చేస్తే నేను చెయ్యను అని 2021లో అంది, 2023 ఫిబ్రవరిలో తనే మొదట ఎదురు దిగింది. మొదట్లో మెత్తగానే ఉంది, చివర్లో గట్టిపడింది, అప్పటికే ఆలస్యం. అందరూ కాడి వదిలేశాక ఒక్కతే మిగిలింది. తను గవర్నర్‌గా చేసిన సౌత్ కరోలినాలోనే 60-40తో ఓడింది. గెలిచింది వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్, రెండంటే రెండే. మార్చి 6న ఆగిపోయింది.

అసలు తెలుగు ముచ్చట కావాలంటే ఇంకోటుంది, ట్రంప్ ఉపాధ్యక్షుడిగా ఎంచుకున్న జేడీ వాన్స్ భార్య ఉష, చిలుకూరి వారమ్మాయి. ఆ వారం మన ఛానళ్లు చేసిన హడావుడి చూస్తే ఆవిడే పోటీ చేస్తోందేమో అనుకున్నా.

ప్ర: కాకస్, డెలిగేట్లు అంటారు, ఇదంతా ఏంటి? (పాఠకుడు, కర్నూలు)

జ: పార్టీ టికెట్ హైకమాండ్ ఇవ్వదు, రాష్ట్రం తర్వాత రాష్ట్రం పార్టీ ఓటర్లే తేలుస్తారు, గెలిచిన లెక్కన డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో ఓటేసే ప్రతినిధులు వస్తారు, 2024లో రిపబ్లికన్లకి 1215 మంది చేతికొస్తే టికెట్ వచ్చినట్టే. మొదటిది అయోవా. అక్కడ బూత్‌లో ఓటేసే ప్రైమరీ ఉండదు, కాకస్ ఉంటుంది, సాయంత్రం ఊళ్లో స్కూల్లోనో చర్చిలోనో జనం చేరతారు, ఒక్కో అభ్యర్థి తరఫున ఒకరు లేచి రెండు ముక్కలు మాట్లాడతారు, తర్వాత చీటీ మీద పేరు రాసి ఇస్తారు. 2024 జనవరి 15న ఎముకలు కొరికే చలిలో జరిగింది అది. డిసాంటిస్ అంతకుముందే 99 కౌంటీలూ కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఫలితం, ట్రంప్‌కి 51 శాతం, 98 కౌంటీలు. మిగిలిన ఒక్క కౌంటీ హేలీ గెలిచింది, ఒక్క ఓటు తేడాతో. డిసాంటిస్‌కి సున్నా. ఆరు రోజులకి తప్పుకున్నాడు.

పైకి కనపడని పని ఇంకోటి జరిగింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2016లో ట్రంప్‌కి పార్టీ రూల్స్ తెలీక తిప్పలు పడ్డాడు, ఈసారి ఆయన మనుషులు ముందే రాష్ట్ర కమిటీల్లో కూర్చున్నారు. కాలిఫోర్నియాలో 169 డెలిగేట్లున్నాయి, 2023 జూలైలో అక్కడి పార్టీ రూల్ మార్చింది, సగం ఓట్లు దాటినవాడికి మొత్తం 169. సగం దాటగలిగేవాడు ఆ పూట ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడెవరో నేను చెప్పక్కర్లేదు. కేసుల గోలలో మనం ఇలాంటివి చూడం గానీ ఎన్నికలు ఇక్కడే గెలుస్తారు.

ప్ర: బోనులో కూర్చుని ప్రచారం ఎలా చేశాడండీ? లాయర్ ఫీజులు ఎవరు కట్టారు? (చిన్న వ్యాపారి, ఏలూరు)

జ: ఫీజుల సంగతి ముందు చెప్తా, మీరు వ్యాపారస్తులు కాబట్టి. ఎక్కువ భాగం అభిమానులిచ్చిన చందాలే, ఆయన రాజకీయ కమిటీల ఖాతాల్లోంచి ఒక్క 2023లోనే 5 కోట్ల డాలర్ల దాకా లాయర్లకి వెళ్లాయి. కేసు పడితే చందాలు వస్తాయి, చందాలు లాయర్లకి వెళ్తాయి, లాయర్లు వాయిదాలు తెస్తారు. దోషి అని తీర్పొచ్చిన రాత్రి చందాల సైటు తాకిడికి ఆగిపోయింది, ఒక్కరోజులో 5 కోట్ల 28 లక్షల డాలర్లు వచ్చాయని ఆయన ప్రచార బృందమే చెప్పుకుంది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడని మన సామెత, ఇక్కడ ఓడినవాడు హుండీ లెక్కపెట్టుకున్నాడు.

బోను విషయం. 2024 ఏప్రిల్ 15 నుంచి మే 30 దాకా, వారానికి నాలుగు రోజులు మన్‌హటన్ కోర్టులో 15వ అంతస్తు, బుధవారం సెలవు. నిందితుడు కదలకుండా కూర్చోవాల్సిందే, కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నాడని రిపోర్టర్లు రాశారు, కాదు వింటున్నా అన్నాడు ఆయన. లోపల కెమెరాలకి అనుమతి లేదు, బయట వరండాలో ఇనుప బారికేడ్లు పెట్టి కెమెరాలుంచారు. ఆయన లోపలికెళ్లేటప్పుడు ఓసారి, బయటికొచ్చేటప్పుడు ఓసారి అక్కడ ఆగి మాట్లాడేవాడు. సాక్షుల మీద, జ్యూరీ మీద మాట్లాడొద్దని జడ్జి హువాన్ మెర్చాన్ ఆర్డరిచ్చాడు, పదిసార్లు దాటాడని ఒక్కోదానికి వెయ్యి చొప్పున 10 వేల డాలర్లు ఫైన్ వేశాడు. రోజూ దేశంలో అన్ని ఛానళ్లూ ఆ వరండా నుంచి లైవ్, అంత ఎయిర్ టైమ్ డబ్బులిచ్చి కొనాలంటే మాటలా? అదే టైమ్‌లో బైడెన్ రాష్ట్రాలు తిరుగుతూ మీటింగులు పెడుతుంటే చూసేవాడు లేడు.

ప్ర: మిగతా మూడు కేసులు ఏమైపోయాయి? తప్పు చెయ్యలేదని కొట్టేశారా? (పాఠకురాలు, రాజమండ్రి)

జ: తప్పు చేశాడా లేదా అన్నదాకా ఏదీ వెళ్లలేదమ్మా. ఈ మొత్తం కథలో నేను చెప్పదల్చుకున్నది ఒకటే మాట, వాయిదా. ఆయన పోటీ పడింది డిసాంటిస్‌తో కాదు, ఒక రకంగా బైడెన్‌తోనో ఆయన బదులు దిగిన కమలా హారిస్‌తోనో కూడా కాదు, కోర్టు క్యాలెండర్‌తో. పోలింగ్ తేదీ కన్నా ముందు తీర్పు తేదీ రాకూడదు, అంతే వ్యూహం.

రహస్య పత్రాల కేసు అన్నిటికన్నా గట్టిదని చాలామంది లాయర్లనుకున్నారు. అభియోగ పత్రంలోనే ఫోటోలున్నాయి, మార్‌-ఎ-లాగో బాత్రూమ్‌లో షవర్ పక్కన, పైన షాండ్లియర్ వేలాడుతుంటే కింద అట్టపెట్టెలు దొంతరలు దొంతరలుగా. ఆ కేసు జడ్జి ఐలీన్ కానన్ దగ్గర పడింది, ట్రంప్ నియమించిన జడ్జే, నెమ్మదిగా నడిచి నడిచి 2024 జూలై 15న అసలు జాక్ స్మిత్ నియామకమే రాజ్యాంగబద్ధం కాదని కొట్టేసింది. అదే రోజు మిల్వాకీలో పార్టీ మహాసభ మొదలు.

వాషింగ్టన్ కేసు విచారణ 2024 మార్చి 4న మొదలవ్వాలి, జడ్జి తాన్యా చట్కన్ తేదీ కూడా పెట్టేసింది. ప్రెసిడెంట్‌గా చేసిన పనులకి నామీద కేసే కుదరదు అని ట్రంప్ అప్పీల్‌కెళ్లాడు, అప్పీల్ తేలేదాకా కింద కోర్టు ఆగాలి. సుప్రీంకోర్టు ఫిబ్రవరి ఆఖర్లో కేసు తీసుకుని, ఏప్రిల్ ఆఖర్లో వాదనలు విని, జూలై 1న 6-3తో తీర్పిచ్చింది, పదవి తాలూకు అధికారిక పనులకి చాలావరకు రక్షణ ఉంటుంది, ఏది అధికారికం ఏది సొంతం అన్నది కింద కోర్టు మళ్లీ చూడాలి అని. మళ్లీ మొదటికొచ్చింది కథ. నవంబర్‌లో ట్రంప్ గెలిచాడు, పదవిలో ఉన్న ప్రెసిడెంట్‌ని విచారించకూడదన్నది వాళ్ల న్యాయ శాఖ పద్ధతి, అదే నెల 25న స్మిత్ తనే కేసు ఎత్తేశాడు.

జార్జియాది ఇంకో రకం. ఆ కేసుకి ఆధారం ఒక ఫోన్ కాల్, 2021 జనవరి 2న ఆ రాష్ట్రంలో ఎన్నికలు చూసే మంత్రికి ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నాడు. బైడెన్ మెజారిటీ 11,779, అంటే సరిగ్గా ఒకటి ఎక్కువ! రికార్డింగ్ ఉంది, అందరూ విన్నారు. కానీ ప్రాసిక్యూటర్ ఫానీ విల్లిస్, తను నియమించుకున్న లాయర్‌తోనే ప్రేమ వ్యవహారం నడిపిందని బయటపడి విచారణ ఆవిడ మీదకే తిరిగింది, చివరికి కేసు నుంచి తప్పించారు, 2025 నవంబర్‌లో కేసే మూతపడింది. అంత గట్టి కేసు చేతిలో పెట్టుకుని ఆమాత్రం జాగ్రత్త లేకపోవడం నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

న్యూయార్క్‌లో శిక్ష కూడా వాయిదాలే, జూలై అన్నారు, సెప్టెంబర్ అన్నారు, నవంబర్ అన్నారు, చివరికి 2025 జనవరి 10న, ప్రమాణ స్వీకారానికి పది రోజుల ముందు. జైలు లేదు, జరిమానా లేదు, నిఘా లేదు, దోషి అన్న ముద్ర మాత్రం ఉంటుంది, వెళ్లిరా అన్నారు. ఆయన వీడియోలోనే హాజరయ్యాడు, మార్‌-ఎ-లాగో నుంచి.

ప్ర: ఇంతకుముందు ఎవరైనా మాజీలు ఇలా తిరిగొచ్చారా? (హిస్టరీ లెక్చరర్, అనంతపురం)

జ: మీకు తెలిసే అడుగుతున్నారు! గెలిచింది ఒక్కడే, గ్రోవర్ క్లీవ్‌లాండ్, 1884లో గెలిచి 1888లో ఓడి 1892లో మళ్లీ గెలిచాడు. ప్రయత్నించి దెబ్బతిన్నవాళ్లలో యులిసిస్ గ్రాంట్ ఉన్నాడు, 1880లో పార్టీ మహాసభలో 36 రౌండ్ల ఓటింగ్ నడిచి చివరికి టికెట్ గార్ఫీల్డ్‌కి పోయింది.

నాకిష్టమైన కథ మాత్రం థియోడర్ రూజ్‌వెల్ట్‌ది. తనే కూర్చోబెట్టిన శిష్యుడు టాఫ్ట్ మీద కోపమొచ్చి 1912లో ఎదురు తిరిగాడు, ప్రైమరీల్లో జనం ఓట్లు ఎక్కువ రూజ్‌వెల్ట్‌కే, అయినా షికాగో మహాసభలో పార్టీ యంత్రాంగం టాఫ్ట్ చేతిలో ఉండి టికెట్ ఆయనకే ఇచ్చింది. రూజ్‌వెల్ట్ వేరు కుంపటి పెట్టాడు, ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా వచ్చే, ప్రెసిడెంట్‌ని తేల్చే ఓట్లు) 88 తెచ్చుకున్నాడు, టాఫ్ట్‌కి 8, ఇద్దరూ కొట్టుకుంటే మధ్యలో విల్సన్ 435తో గెలిచాడు. ట్రంప్ మనుషులు పార్టీ కమిటీల మీద అంత పట్టు ఎందుకు పెట్టారో ఈ కథ చదివితే తెలుస్తుంది, జనం చాలరు, యంత్రాంగం కూడా కావాలి. ఇంకో పోలిక, 1912 అక్టోబర్‌లో మిల్వాకీలో రూజ్‌వెల్ట్ మీద కాల్పులు జరిగాయి, జేబులో మడిచిపెట్టుకున్న లావుపాటి ఉపన్యాసం కాగితాలూ కళ్లజోడు డబ్బా తూటా జోరు తగ్గించాయి, ఒంట్లో తూటాతోనే గంటకు పైగా మాట్లాడాడు. ట్రంప్ మీద పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో కాల్పులు జరిగింది 2024 జూలై 13, రెండు రోజులకి చెవికి కట్టుతో వచ్చి నిలబడింది మిల్వాకీలోనే.

ప్ర: అయితే కేసులుంటే గెలుస్తారన్నమాట! మా ఊరి నాయకులకి చెప్పమంటారా? (పాఠకుడు, ఒంగోలు)

జ: చెప్పకండి, వాళ్లకి ఐడియాలివ్వడం మంచిది కాదు. పైగా అది పూర్తిగా నిజం కూడా కాదు. కేసులు పనికొచ్చింది పార్టీ లోపలి పోటీలో. బయట ఓటర్ల దగ్గర అవి గుదిబండే. హేలీ మార్చిలో తప్పుకుంది కదా, ఏప్రిల్ 23న పెన్సిల్వేనియా ప్రైమరీలో పోటీలో లేని ఆవిడకి లక్షన్నరకు పైగా ఓట్లు పడ్డాయి, దాదాపు ఆరుగురు రిపబ్లికన్లలో ఒకరు. ఆ ఓట్లు ట్రంప్‌కి నిద్రపట్టనివ్వలేదనే అనుకుంటా. నవంబర్‌లో ఆయన్ని ఒడ్డున పడేసింది ధరలు, 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎక్కింది, తర్వాత తగ్గినా కోడిగుడ్ల రేటు, ఇంటి అద్దె వెనక్కి రాలేదు. దానికి తోడు బైడెన్ జూలై 21న తప్పుకుని హారిస్‌కి మూడున్నర నెలలే మిగల్చడం. ఏడు కీలక రాష్ట్రాలూ గెలిచి ఎలక్టోరల్ ఓట్లు 312-226 అయ్యాయి గానీ మొత్తం ఓట్లలో తేడా ఒకటిన్నర శాతమే. కేసులు లేకపోతే ఇంకా ఎక్కువతో గెలిచేవాడా, అసలు టికెట్టే వచ్చేది కాదా? నేనైతే రెండోదే అంటా. కేసులు లేని 2023లో డిసాంటిస్‌కి మాట్లాడటానికి నోరుండేది.

ప్ర: క్లీవ్‌లాండ్‌ని 22, 24 అని రెండుసార్లు లెక్కపెట్టినట్టు ట్రంప్ 45, 47 అయ్యాడు. మరి 2028లో ఇంకోసారి? (ఇంటర్ స్టూడెంట్, ఖమ్మం)

జ: కుదరదమ్మా. 1951లో ఆమోదం పొందిన 22వ సవరణ ప్రకారం ఒక మనిషి రెండుసార్లకి మించి ప్రెసిడెంట్‌గా ఎన్నిక కాకూడదు, వరసగానా విడివిడిగానా అన్నది లెక్కలేదు. మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. "ట్రంప్ 2028" అని టోపీలు మాత్రం ఆయన స్టోర్‌లో అమ్మకానికి పెట్టారు, 50 డాలర్లు.